మాస్టొడానా, బ్లూస్కైయా, నోస్టరా: పోస్టు తీసేసే అధికారం ఎవరిదో చూసి ఎంచుకోండి

2024 జూలైలో ట్విట్టర్ లాంటి మన దేశపు వేదిక కూ మూతపడింది. అందులో తెలుగులో రాసుకుంటున్నవాళ్లకు తమ ఫాలోవర్లను ఇంకో చోటికి తీసుకెళ్లే దారి లేకుండా పోయింది. అంతకు ముందు, 2019 చివర్లో, సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ సస్పెండ్ చేసినప్పుడు మన దేశం నుంచి చాలామంది కోపంతో మాస్టొడాన్ అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్‌కు వెళ్లారు. వాళ్లలో చాలామంది కొద్దికాలానికే వెనక్కి వచ్చేశారు. ఒక చోట కోపం వచ్చిందని ఇంకో చోటికి పరుగెత్తితే ఇలాగే అవుతుంది. ముందే అడగాల్సిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. నా పోస్టును ఎవరు తీసేయగలరు? తీసేస్తే ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి? నేను వెళ్లిపోతే నా వెంట ఏం వస్తుంది?

"ఇక్కడ సెన్సార్‌షిప్ లేదు" అనే మాటను మాస్టొడాన్, బ్లూస్కై, నోస్టర్ లాంటి ఏ వికేంద్రీకృత నెట్‌వర్క్ (ఒకే కంపెనీ చేతిలో ఉండకూడదని కట్టిన సోషల్ నెట్‌వర్క్) గురించి విన్నా నమ్మకండి. మోడరేషన్ (ఏ పోస్టు ఉండాలో, ఏది పోవాలో చూసే పని) లేని చోటు ఏదీ లేదు. చేసేవాళ్లు మారతారు, అంతే. కంపెనీ చేయకపోతే సర్వర్‌ను నడిపే అడ్మిన్ చేస్తాడు, అడ్మిన్ చేయకపోతే ఆ బరువు మీ మీద పడుతుంది. ఆ బరువు ఎవరు మోయాలని మీరు కోరుకుంటున్నారన్నదే అసలు ఎంపిక.

మాస్టొడాన్: అంతా అడ్మిన్ చేతిలో

మాస్టొడాన్‌ను 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో మొదలుపెట్టారు. దీన్ని ఒకే కంపెనీ నడపదు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటారు. ఆ సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ప్రొటోకాల్ (ఉమ్మడి నియమాల) ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ ఆమోదించిన ప్రమాణం అది. మీరు ఒక సర్వర్లో ఖాతా తెరిచి, మిగతా సర్వర్లలో ఉన్నవాళ్లను ఫాలో కావచ్చు.

మీ ఖాతా మీద పూర్తి అధికారం మీ సర్వర్ అడ్మిన్‌దే. హెచ్చరించవచ్చు, పోస్టు తీసేయవచ్చు, ఖాతాను స్తంభింపజేయవచ్చు, లిమిట్ చేయవచ్చు, సస్పెండ్ చేయవచ్చు. చర్య తీసుకున్నాక అప్పీలు చేసుకోవడానికి 20 రోజులు గడువుంటుంది. ఆ అప్పీలును చూసేది కూడా అదే సర్వర్ మోడరేటర్లు. పైకోర్టు లాంటిది ఏదీ లేదు.

వేరే సర్వర్ అడ్మిన్ మీ పోస్టును మీ సర్వర్ నుంచి తీయలేడు. తన సర్వర్లో మాత్రం కనిపించకుండా చేయగలడు. మీ సర్వర్ మొత్తాన్ని లిమిట్ చేస్తే, అక్కడ మిమ్మల్ని ఇప్పటికే ఫాలో అవుతున్నవాళ్లకు మీ పోస్టులు అందుతాయి, కొత్తవాళ్ల కంట మాత్రం పడవు. సస్పెండ్ చేస్తే అటూ ఇటూ ఉన్న ఫాలో బంధాలన్నీ తెగిపోతాయి. రేపు మనసు మార్చుకుని నిషేధం ఎత్తేసినా అవి తిరిగి రావు. మీరు ఒక్క తప్పు మాట రాయకపోయినా, మీ సర్వర్లో ఇంకెవరో చేసిన పనికి మీరు నష్టపోవచ్చు. ఏయే బంధాలు తెగాయో 2024 అక్టోబరులో వచ్చిన 4.3 వెర్షన్ నుంచి నోటిఫికేషన్ వస్తోంది. పాత వెర్షన్లలో అదీ తెలిసేది కాదు.

ఈ పద్ధతి బలం 2019లో బయటపడింది. ద్వేష ప్రసంగానికి పేరుమోసిన గ్యాబ్ ఆ జూలైలో మాస్టొడాన్ కోడ్ తీసుకుని అదే నెట్‌వర్క్‌లోకి వచ్చింది. కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి వాడుకోవద్దని ఎవరూ అనలేకపోయారు. కానీ పెద్దాచిన్నా సర్వర్లు వరసగా దాన్ని బ్లాక్ చేశాయి, కొన్ని యాప్‌లు గ్యాబ్‌లోకి లాగిన్ కాకుండా ఆపేశాయి. గ్యాబ్ ఉంది, మాట్లాడింది, మిగతావాళ్లు వినలేదు. మాట్లాడే హక్కు వేరు, వినిపించే హక్కు వేరు అన్న వాదనకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

బలహీనతలూ ఉన్నాయి. 2023 జూలైలో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ పరిశోధకులు పెద్ద సర్వర్ల పబ్లిక్ టైమ్‌లైన్లను రెండు రోజులు పరిశీలించారు. సుమారు 3,25,000 పోస్టుల్లో, పిల్లల మీద లైంగిక హింసకు సంబంధించి ఇదివరకే గుర్తించిన చిత్రాలు 112 దొరికాయి. మొదటిది దొరకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్ద కంపెనీలు ఇలాంటి చిత్రాలను హ్యాష్ (బొమ్మకు డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చి ఆటోమేటిక్‌గా పట్టేస్తాయి. స్వచ్ఛందంగా నడిచే సర్వర్లలో ఎక్కువవాటికి ఆ ఏర్పాటు ఉండదు.

సర్వర్ ఎంచుకునేటప్పుడు "అబౌట్" పేజీని చివరిదాకా చదవండి. నియమాలతో పాటు ఆ సర్వర్ ఎవరెవరిని బ్లాక్ చేసిందో, ఎందుకు చేసిందో చాలామంది అడ్మిన్లు అక్కడే పెడతారు. ఆ జాబితా చూస్తే ఆ అడ్మిన్ స్వభావం అర్థమవుతుంది. కారణాలు రాయకుండా వందల సర్వర్లను కోసేసినవాళ్ల దగ్గరా, ఒక్కరినీ బ్లాక్ చేయనివాళ్ల దగ్గరా ఖాతా తెరవకపోవడం మంచిది. మాస్టొడాన్ అధికారిక జాబితాలో ఉండే సర్వర్లు ఒక ఒడంబడికకు ఒప్పుకోవాలి. జాతి, లింగ వివక్ష మీద చురుకైన మోడరేషన్, రోజూ బ్యాకప్, అత్యవసరంలో సర్వర్‌ను చూసుకోవడానికి కనీసం ఇంకో మనిషి, మూసేయాలంటే మూడు నెలల ముందు నోటీసు. ఈ నాలుగోది చాలా ముఖ్యం. 2023లో మాస్టొడాన్ డాట్ ఎల్ఓఎల్ అనే సర్వర్‌ను గొడవలు భరించలేక అడ్మిన్ మూసేశారు. 2024 ఫిబ్రవరిలో అఫ్గానిస్తాన్ దేశపు డొమైన్ (వెబ్ చిరునామా) మీద నడుస్తున్న ఇంకో సర్వర్, తాలిబన్ ప్రభుత్వం ఆ డొమైన్‌ను రద్దు చేయడంతో ఆగిపోయింది. చమత్కారంగా ఉందని ఏదో దేశపు డొమైన్ తీసుకున్న సర్వర్ల జోలికి వెళ్లకండి.

ఇల్లు మారడానికి ఒక వరస ఉంది. ముందు కొత్త సర్వర్లో ఖాతా తెరిచి, దాని సెట్టింగ్స్‌లో పాత ఖాతా చిరునామాను మారుపేరుగా నమోదు చేయాలి. పాత ఖాతాలోంచి ఫాలో, బ్లాక్, మ్యూట్, బుక్‌మార్క్ జాబితాలను సీఎస్‌వీ ఫైళ్లుగా (పట్టికల ఫైళ్లుగా) దించుకోవాలి. తర్వాత పాత ఖాతాలో "వేరే ఖాతాకు మారండి" దగ్గర కొత్త చిరునామా, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఫాలోవర్లు వాటంతటవే కొత్త ఖాతాకు వస్తారు. సీఎస్‌వీలను కొత్త ఖాతాలో ఎక్కించుకుంటే మిగతావీ వస్తాయి. పోస్టులు మాత్రం రావు, పాత చోటే ఉండిపోతాయి. ఒకసారి మారితే మళ్లీ మారడానికి 30 రోజులు ఆగాలి. ఈ పనంతా జరగాలంటే పాత సర్వర్ బతికి ఉండాలి, మీ ఖాతా సస్పెండ్ కాకుండా ఉండాలి. అందుకే సీఎస్‌వీలను నెలకోసారి దించి పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. మాస్టొడాన్‌లో ప్రైవేటు సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. అవతలి సర్వర్ అడ్మిన్ తలచుకుంటే చదవగలడు. అంతకన్నా తరచుగా జరిగే ప్రమాదం వేరే ఉంది. ఇద్దరి మధ్య సందేశంలో మూడో మనిషి గురించి చెబుతూ అతని హ్యాండిల్‌ను (ఖాతా పేరును) ఎట్ గుర్తుతో రాస్తే ఆ సందేశం అతనికీ వెళ్లిపోతుంది.

బ్లూస్కై: పొరలు పొరలుగా మోడరేషన్

బ్లూస్కై 2019 డిసెంబరులో ట్విట్టర్ లోపల ఒక ప్రాజెక్టుగా మొదలైంది, 2021లో విడి కంపెనీ అయింది, 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం లేకుండా అందరికీ తెరుచుకుంది. అదే ఏడాది ఆగస్టు చివర్లో బ్రెజిల్ సుప్రీంకోర్టు అదివరకటి ట్విట్టర్ అయిన ఎక్స్‌ను ఆపించినప్పుడు అక్కడి జనం లక్షల్లో ఇటు వచ్చారు. ఆ నవంబరుకు ఖాతాలు రెండు కోట్లు దాటాయి.

దీని నిర్మాణం వేరు. మీ పోస్టులు ఉండే చోటు ఒకటి, అందరి పోస్టులను పోగేసే రిలే ఒకటి, వాటిని టైమ్‌లైన్‌గా చూపించే సేవ ఇంకొకటి. మోడరేషన్‌ను కూడా ఇలాగే విడదీశారు. చట్టవిరుద్ధమైనవాటిని, తీవ్రమైన వేధింపులను కంపెనీ నేరుగా తీసేస్తుంది. మిగతావాటికి లేబుల్ అతికిస్తుంది. ఆ లేబుల్ ఉన్న పోస్టును దాచాలా, హెచ్చరికతో చూపాలా, మామూలుగా చూపాలా అన్నది మీ సెట్టింగ్. 2024 మార్చిలో ఓజోన్ అనే మోడరేషన్ సాధనాన్ని ఓపెన్ సోర్స్ చేశాక, బయటివాళ్లు కూడా సొంత లేబులర్లు (లేబుల్ అతికించే సేవలు) నడపడం మొదలుపెట్టారు. నచ్చిన లేబులర్ ప్రొఫైల్‌కు వెళ్లి సబ్‌స్క్రైబ్ చేసుకుంటే చాలు. ఇలా 20 దాకా పెట్టుకోవచ్చు. అధికారిక యాప్‌లో కంపెనీ లేబులర్‌ను మాత్రం వదిలించుకోలేరు.

తెలుగువాళ్లకు ఇందులో నిజమైన అవకాశం కనిపిస్తుంది. కులం పేరుతో తిట్టే తిట్లు, సినిమా అభిమానుల యుద్ధాల్లో ఆడవాళ్ల మీద రాసే బూతులు, అందులోనూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు బూతులు విదేశీ మోడరేటర్‌కు అర్థం కావు. తెలుగు తెలిసిన నలుగురైదుగురు కలిసి ఒక లేబులర్ నడిపితే, దాన్ని పెట్టుకున్నవాళ్లందరికీ ఆ రక్షణ దొరుకుతుంది. పెట్టుకోనివాళ్ల మీద ఎలాంటి బలవంతమూ ఉండదు. కానీ ఇది జీతం లేని చాకిరీ. వచ్చిన ఫిర్యాదును వారం తర్వాత చూసే లేబులర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అప్పీలు చూసే మనిషి ఎవరో ముందే తేల్చుకోకుండా మొదలుపెట్టకండి.

వేధింపులు ఎదుర్కొనేవాళ్లకు బ్లూస్కైలో ఇంకో సౌకర్యం ఉంది. మీ పోస్టును ఎవరైనా వెక్కిరిస్తూ కోట్ చేస్తే, ఆ కోట్ నుంచి మీ పోస్టును విడదీయవచ్చు. మోడరేషన్ జాబితాతో ఒకేసారి వందల మందిని మ్యూట్ గానీ బ్లాక్ గానీ చేయవచ్చు. అయితే బ్లాకులు ఇక్కడ బహిరంగం. మీరు ఎవరిని బ్లాక్ చేశారో బయటి సైట్లలో ఎవరైనా చూసుకోవచ్చు. అలా తెలియడం వల్ల ప్రమాదం ఉంటే మ్యూట్ వాడండి, అది బయటికి కనిపించదు.

వికేంద్రీకరణ విషయంలో బ్లూస్కై చెప్పుకునేదానికీ ఉన్నదానికీ మధ్య ఇంకా దూరం ఉంది. ఎక్కువమంది ఖాతాలు కంపెనీ సర్వర్ల మీదే ఉన్నాయి. ఖాతాల గుర్తింపు నమోదయ్యే రిజిస్ట్రీ ఒక్కటే. ప్రైవేటు సందేశాలు పూర్తిగా కంపెనీ చేతిలో ఉంటాయి, వాటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. 2025 ఏప్రిల్‌లో తుర్కియే ప్రభుత్వం అడగడంతో ఆ దేశంలో కొన్ని ఖాతాలను కనిపించకుండా చేశారు. అది చేసింది ఆ దేశానికి పెట్టిన ప్రత్యేక లేబులర్ ద్వారా. అధికారిక యాప్ దాన్ని పాటించింది. అదే నెట్‌వర్క్‌ను చూపించే బయటి యాప్‌లు పాటించాల్సిన అవసరం లేకపోయింది. వికేంద్రీకరణ వల్ల దక్కేది ప్రస్తుతానికి ఇంతవరకే. తలుపు మూస్తారు గానీ కిటికీ ఒకటి తెరిచే ఉంటుంది.

బ్లూస్కైకి వెళితే మొదటి రోజే సొంత డొమైన్‌ను హ్యాండిల్‌గా పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో ఖాతా, హ్యాండిల్, "నాకు సొంత డొమైన్ ఉంది" అన్న చోట యాప్ ఆ డొమైన్ మీదేనని రుజువు చేసే ఒక టీఎక్స్‌టీ రికార్డు చూపిస్తుంది. దాన్ని డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ (డొమైన్ వివరాలు ఉండే) సెట్టింగ్స్‌లో అతికించి, కాసేపాగి "వెరిఫై" నొక్కాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఆ రికార్డులోని హోస్ట్ పేరు దగ్గర. కొన్ని రిజిస్ట్రార్లు (డొమైన్ అమ్మే కంపెనీలు) డొమైన్ పేరును వాటంతటవే చివర చేరుస్తాయి. మీరూ పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు పడి వెరిఫై కాదు. సెట్టింగ్స్‌లోనే డేటా ఎక్స్‌పోర్ట్ కూడా ఉంది. అది ఇచ్చే ఫైలులో పోస్టులు, లైకులు, ఫాలోలు ఉంటాయి, బొమ్మలూ వీడియోలూ ఉండవు. వాటిని విడిగా దాచుకోవాలి. కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఖాతాకు సొంత రికవరీ తాళం (డిజిటల్ కీ) కూడా జోడించుకోవచ్చు. దాన్ని సర్వర్ తాళం కన్నా పై స్థానంలో పెట్టుకుంటే, రేపు సర్వర్ మొండికేసి మీ గుర్తింపును మార్చినా 72 గంటల్లోపు వెనక్కి తిప్పుకోవచ్చు.

తెలుగు పదాలను ఫిల్టర్ చేయడం

ఎవరు మోడరేట్ చేసినా రోజువారీ ప్రశాంతతకు పదాల ఫిల్టరే ఆధారం. తెలుగులో అది సరిగా పనిచేయకపోవడానికి కారణం మన విభక్తులు. మీరు "ఎన్నికలు" అని పెడతారు, ఎదుటివాళ్లు "ఎన్నికల్లో", "ఎన్నికలకు", "ఎన్నికలంటే" అని రాస్తారు. మాస్టొడాన్‌లో దీనికి సులువైన మందుంది. ఫిల్టర్ చేర్చేటప్పుడు "మొత్తం పదం" అన్న గడిలో టిక్కు తీసేసి, "ఎన్నిక" అని మూలపదం వరకే రాయండి. దాంతో మొదలయ్యే రూపాలన్నీ ఆగుతాయి. మరీ చిన్న ముక్క రాస్తే సంబంధం లేని పదాలూ మాయమవుతాయి కాబట్టి మూడు అక్షరాలకు తగ్గకుండా చూసుకోండి.

బ్లూస్కైలో ఈ చిట్కా పారదు. జపనీస్, చైనీస్, థాయ్ లాంటి కొన్ని భాషలకు తప్ప మిగతా భాషల్లో అది పదాన్ని మొత్తంగానే పోల్చి చూస్తుంది. అందువల్ల ఒక్కో రూపాన్నీ విడిగా చేర్చక తప్పదు. తెలుగు లిపిలో నాలుగైదు రూపాలు, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులు పెడితే చాలావరకు కుదురుకుంటుంది. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని గడువు పెట్టుకునే వీలుంది. సినిమా విడుదల వారానికి, పోలింగ్ నెలకు అది బాగా పనికొస్తుంది. మీరు ఫాలో అయ్యేవాళ్లను మినహాయించే గడి కూడా అక్కడే ఉంటుంది.

పోస్టు భాషను "తెలుగు" అని పెట్టడం మరవకండి. ఫోను ఇంగ్లీషులో ఉంటే తెలుగు పోస్టు మీద ఇంగ్లీషు అనే ముద్ర పడిపోతుంది, అప్పుడు తెలుగు పోస్టులు మాత్రమే కావాలనుకునేవాళ్లకు మీది కనిపించదు. నిడివి గురించి దిగులు అక్కర్లేదు. మాస్టొడాన్‌లో మామూలు హద్దు 500, బ్లూస్కైలో 300. గుణింతపు గుర్తులను విడి అక్షరాలుగా లెక్కపెట్టరు.

నోస్టర్: తాళం మీదే, బాధ్యతా మీదే

నోస్టర్‌లో ఖాతా అంటూ లేదు, రెండు తాళాలు (డిజిటల్ కీలు) ఉన్నాయి. ఒకటి అందరికీ చూపించేది, ఇంకోటి రహస్యం. రాసిన ప్రతిదానికీ రహస్య తాళంతో సంతకం పడి, మీరు ఎంచుకున్న రిలేలకు వెళుతుంది. ఒక రిలే మిమ్మల్ని తోసేస్తే ఇంకో రిలేకు పోతారు, ఫాలోవర్లు మీతోనే ఉంటారు. మీ గుర్తింపును తుడిచేయగల అధికారి లేడు.

అందుకు చెల్లించే ధర పెద్దది. రహస్య తాళం పోతే పాస్‌వర్డ్ మార్చుకునే దారి లేదు. అది ఇతరుల చేతిలో పడితే వాళ్లు మీ పేరుతో రాస్తూనే ఉంటారు. డిలీట్ అంటే రిలేలకు పంపే విన్నపం మాత్రమే, పాటించని రిలేలో ఆ పోస్టు అలాగే ఉంటుంది. స్పామ్‌ను ఆపడానికి కొన్ని రిలేలు డబ్బు తీసుకుంటాయి. పైగా రిలేలకు అందని అధికారం యాప్ స్టోర్లకు ఉంది. 2023 ఫిబ్రవరిలో డామస్ అనే నోస్టర్ యాప్‌ను చైనా యాప్ స్టోర్ నుంచి వచ్చిన రెండు రోజులకే తీసేశారు. నోస్టర్ మొదలుపెట్టేవాళ్లు రహస్య తాళాన్ని ప్రతి కొత్త యాప్‌లోనూ అతికించకుండా, సంతకం చేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో ఒక్కచోట పెట్టుకుని అక్కణ్నుంచే వాడాలి. కాగితం మీద ఒక నకలు ఉండాలి.

మెటా వారి థ్రెడ్స్ కూడా యాక్టివిటీపబ్‌తో కలుస్తుంది, కానీ ఆ సౌకర్యాన్ని మీరే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేసినా మోడరేషన్ నిర్ణయాలన్నీ మెటావే. కొన్ని మాస్టొడాన్ సర్వర్లు దాన్ని పూర్తిగా బ్లాక్ చేశాయి. ఈ పోలికలో దాన్ని మామూలు కంపెనీ వేదికగానే లెక్కించాలి.

చట్టం ఎక్కడికీ పోదు

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. మిగతా చట్టాలు అలాగే ఉన్నాయి, సర్వర్ జర్మనీలో ఉన్నంత మాత్రాన రాసినవారి బాధ్యత తగ్గదు. మాస్టొడాన్ అడ్మిన్‌కు మీ ఈమెయిల్, ఐపీ అడ్రసు కనిపిస్తాయి. ఐపీ వివరాలు మామూలుగా ఏడాది దాకా నిలవ ఉంటాయి.

మీరే సర్వర్ పెట్టదలిస్తే ఈ సంగతి మరీ ముఖ్యం. ఇతరులు రాసినదానికి మధ్యవర్తికి (వాళ్ల పోస్టులను చూపించే సైటుకు) దొరికే రక్షణ ఐటీ చట్టం 79వ సెక్షన్‌లో ఉంది. 2021 ఐటీ నియమాలు చెప్పిన జాగ్రత్తలు పాటిస్తేనే అది వర్తిస్తుంది. ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే దారి సైటులో పెట్టడం వాటిలో ఒకటి. యంత్రం సంగతికొస్తే, యాభై మంది ఉండే మాస్టొడాన్ సర్వర్‌కు 4 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (అద్దె సర్వర్) సరిపోతుంది. ముందుగా నిండిపోయేది డిస్కు, ఎందుకంటే మీవాళ్లు ఫాలో అయ్యే ప్రతి ఒక్కరి బొమ్మలూ మీ దగ్గర నిలవ అవుతాయి. అడ్మిన్ సెట్టింగ్స్‌లో కంటెంట్ రిటెన్షన్ కింద మీడియా నిలవను 7 రోజులకు కట్టేయండి. దాని పక్కనే పోస్టుల నిలవకు ఇంకో గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలండి. అందులో అంకె వేస్తే జనం దాచుకున్న బుక్‌మార్కులు కూడా పోతాయి. సర్వర్ పెట్టాక డొమైన్ పేరు మార్చడం కుదరదు.

ఎవరికి ఏది

పది మంది చదివితే చాలనుకునే కవులు, కథకులు, పుస్తకాభిమానులు, సామాజిక సంస్థలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు: మాస్టొడాన్. అయితే మోడరేషన్‌కు రోజూ అరగంట కేటాయించే మనుషులు ఇద్దరుండాలి, వాళ్లు వేర్వేరు టైమ్ జోన్లలో ఉంటే మరీ మంచిది. ఒక్కరే ఉంటే సొంత సర్వర్ పెట్టకండి, మంచి సర్వర్లో చేరండి.

కొత్త పాఠకులు కావాలనుకునేవాళ్లకు, వేధింపుల వల్ల ఎక్స్ వదిలేసిన ఆడవాళ్లకు: బ్లూస్కై. తెలుగు సందడి ఇంకా తక్కువే, కానీ ఎదుటివాళ్ల గోలను మీ అంతట మీరు తగ్గించుకునే మీటలు ఇక్కడే ఎక్కువ.

ఒక ప్రభుత్వమో సంస్థో తన ఖాతానే లేకుండా చేస్తుందనే భయం నిజంగా ఉన్న జర్నలిస్టులు, ఉద్యమకారులు ఒక్క చోటునే నమ్ముకోకూడదు. సొంత డొమైన్ హ్యాండిల్‌తో బ్లూస్కైలో రాయండి. ఆ డొమైన్ మీదే ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టి ప్రతి పోస్టు నకలునూ అక్కడ ఉంచండి. నోస్టర్ తాళం ఒకటి ఇప్పుడే తయారు చేసుకుని, దాని బహిరంగ భాగాన్ని ఆ వెబ్‌సైట్‌లో ప్రకటించండి. ఖాతా పోయాక ప్రకటిస్తే అది మీదేనని పాఠకులు నమ్మడానికి ఆధారం ఉండదు. డొమైన్‌ను సంస్థ పేరున కాకుండా మీ పేరున కొని, ఆటో రెన్యువల్ పెట్టి, రిజిస్ట్రార్ ఖాతాకు రెండంచెల లాగిన్ తప్పకుండా ఆన్ చేయండి.